తూనిక రోజు

బుధవారం ఈ ఇంట్లో తూనిక రోజని
నాకెవరూ ముందు చెప్పలేదు.
నేనొస్తున్నానని నేనూ చెప్పలేదు.
లెక్క సరి.

గుమ్మంలో కొత్త రంగు వాసన. బల్ల మీద లిల్లీలు.
మేనేజర్ కిట్రెడ్జ్ టై సర్దుకుంటూ
"కాఫీ?" అన్నాడు. వద్దన్నాను.
మెయిన్ రాష్ట్రం మూలమూలలా ఇరవై రెండేళ్లుగా
ఇలాంటి కాఫీలు వద్దంటూనే ఉన్నాను.

అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి
ఒక్క మెతుకు చాలంటారు.
మా రూల్ బుక్కు అంత తేలిగ్గా నమ్మదు:
పదహారు మంచాలు, పదహారు ఫైళ్లు,
పదహారు మెతుకులూ వేలితో నొక్కి చూడాలి.

నడవా చివర చక్రాల కుర్చీల వరస.
నేలకు అతికించిన ఇనుప పలక మీదికి
ఒక్కొక్కరినీ కుర్చీతో సహా ఎక్కించి
కుర్చీ బరువు తీసేసి
మిగిలిన మనిషిని రాసుకుంటున్నారు.
క్లోవిస్ తెరియో, బూట్ల ఫ్యాక్టరీలో
నలభై ఏళ్లు మడమలకు మేకులు కొట్టినవాడు,
"కుర్చీని ఉంచుకోండి, నన్ను తీసేయండి"
అన్నాడు ఫ్రెంచిలో.
వరసంతా నవ్వింది.
మా అమ్మమ్మ భాష కాబట్టి నాకూ నవ్వొచ్చింది.

నా ఉద్యోగమూ అదే.
లిల్లీలు తీసెయ్. రంగు తీసెయ్.
నా బ్యాడ్జి చూడగానే మొలిచిన చిరునవ్వులు తీసెయ్.
మిగిలింది రాసుకో.

రాసుకున్నాను.
సూపు చల్లారింది; ఉండాల్సిన వేడికి పద్దెనిమిది డిగ్రీలు తక్కువ.
మడమ పుండు, కాగితం స్కేలుతో, రెండు సెంటీమీటర్లు.
పోయిన నెల నాలుగు.
అంటే రాత్రి రెండింటికి కూడా ఎవరో లేచొచ్చి
ఆ మనిషిని పక్కకు తిప్పి పడుకోబెడుతున్నారు.
వ్యాయామం గదిలో
పక్షవాతం వచ్చిన స్కూలు బస్సు డ్రైవరు ఓరిన్
ఎడంచేత్తో ఒక్క గుండీ పెట్టుకోవడానికి తొమ్మిది నిమిషాలు.
ఎదురుగా కూర్చున్న థెరపిస్టు
సాయానికి లేస్తాయేమోనని
తన రెండు చేతుల్నీ తన తొడల కిందే అదిమిపెట్టుకుంది.

ఆ తర్వాత రెండువందల పద్నాలుగో గది.
లూడివీన్ గాన్యే, తొంభై ఒకటి.
తలుపు మీద పిలుపు దీపం వెలుగుతోంది.
నీళ్ల గ్లాసు ఆమె వేళ్లకు జానెడు దూరంలో ఉంది.
నేను అందివ్వకూడదు.
అందిస్తే కొలత చెడుతుంది.
వాచీ చూసుకుంటూ నిలబడ్డాను.
ఆమె నన్ను చూసింది, గ్లాసును చూసింది,
మళ్లీ నన్ను చూసింది.
ఆ తర్వాత మెల్లగా కిటికీ వైపు, నది వైపు
మొహం తిప్పుకుంది,
ఇంటికొచ్చిన చుట్టాన్ని ఇబ్బంది పెట్టకూడదన్నట్టు.

పదకొండు నిమిషాలు.
హోదన్ పరుగెత్తుకొచ్చింది, తలగుడ్డ ఓ పక్కకు జారి.
ముప్పైమందికి ఇద్దరే ఇవాళ,
మూడో అమ్మాయి పిల్లాడికి జ్వరమట.
ముందు దిండు తిప్పింది, చల్లటి వైపు పైకి వచ్చేలా.
"పార్డాన్, మెమేర్," అంది.
సోమాలియా నోట్లో మా అమ్మమ్మ మాట.
తర్వాత నీళ్లు, గుక్కగుక్కకీ ఆగుతూ.

పిలుపుకు జవాబు: పదకొండు నిమిషాలు. లోపం.
పెన్ను కాగితం మీద బాగానే నడిచింది.
దిండుకు గడి వెతికాను, దొరకలేదు.
ఆ పదకొండు నిమిషాలూ
ఆ గదిలో ఇంకో మనిషి కూడా ఉందని
రాయడానికీ గడి లేదు.

వెళ్లేముందు ఆ ఇనుప పలకను ఖాళీ చేయించాను.
ఎవరూ లేకుండానే రెండు పౌన్లు చూపిస్తోంది.
ఎప్పట్నుంచి?
కిట్రెడ్జ్ టై సర్దుకున్నాడు.
అంటే ఈ ఇంట్లో ప్రతి ఒక్కరూ
ఫైల్లో ఉన్నదానికంటే రెండు పౌన్లు తక్కువే బతుకుతున్నారు.

క్లోవిస్ ఇంకా అక్కడే ఉన్నాడు,
ఎవరో వచ్చి గదికి తోసుకెళ్తారని.
విషయం చెప్పాను.
ఆశ్చర్యపోలేదు.
"నాకెప్పుడో తెలుసు," అన్నాడు,
ప్యాంటు నడుం దగ్గర పిడికెడు వదులు పట్టి చూపిస్తూ.
"మేకులు కొట్టినవాణ్ణి. పట్టు వదిలితే నాకు తెలీదా?"
కుర్చీ వెనక్కి వెళ్లి నేనే తోశాను.
అందుకూ ఏదో రూల్ ఉండే ఉంటుంది.